దిద్దిన లొసుగు మీ ఫోన్ దాకా వచ్చిందా?

2021 ఏప్రిల్‌లో జర్మనీలోని ఒక వెబ్ హోస్టింగ్ సంస్థకు ఓ ఖాతాదారు ఫిర్యాదు పంపారు. తన వెబ్‌సైట్‌కు ఎప్పుడు ఎవరు వచ్చారో నమోదు చేసే లాగ్ ఫైల్‌ను డౌన్‌లోడ్ చేసుకుంటే అది తెరుచుకోవడం లేదని దాని సారాంశం. అక్కడి ప్రోగ్రామర్ మాక్స్ కెల్లర్‌మన్ పరిశీలిస్తే ఫైల్ లోపలి సమాచారమంతా సరిగానే ఉంది. ఫైల్ చెడిపోలేదని రుజువు చేసే చెక్‌సమ్ అనే చివరి అంకె మాత్రం తప్పింది. ఆయన దాన్ని చేత్తో సరిచేసి ఫిర్యాదు ముగించారు. కొన్ని నెలలకు అలాంటిదే ఇంకోటి వచ్చింది. ఆ తర్వాత మరోటి.

ఇలాంటి చోట చాలామంది హార్డ్ డిస్క్‌దో మెమరీదో తప్పనుకుని వదిలేస్తారు. కెల్లర్‌మన్ వదల్లేదు. పాడైన ఫైళ్లన్నీ ఒకచోట చేర్చి చూశారు. వాటిలో ఎక్కువ భాగం నెలలో చివరి రోజువి. మారినవి ఫైల్ చివరనున్న 8 బైట్లే. ఎక్కడ చూసినా అవే 8 బైట్లు. వాటిలో మొదటి రెండూ పి, కె అనే ఇంగ్లిష్ అక్షరాలు. జిప్ ఫైళ్లలో ఉండే గుర్తు అది.

రోజువారీ లాగ్‌లను నెలకొక జిప్‌గా కట్టి ఖాతాదారుకు పంపే ప్రోగ్రాము ఒకటి ఆ సంస్థలో నడుస్తోంది. నెలాఖరు రోజు ఫైల్‌ను పంపిన వెంటనే అది జిప్ విషయసూచిక రాయడం మొదలుపెడుతుంది. ఆ సూచికలోని మొదటి 8 బైట్లే లాగ్ ఫైల్‌ చివర వచ్చి పడుతున్నాయి. అసలు ఆ ప్రోగ్రాముకు లాగ్ ఫైళ్లను చదివే అనుమతి ఉందే తప్ప వాటిలో రాసే అనుమతి లేదు. అనుమతి లేని ప్రోగ్రాము రాసింది ఫైల్‌లోకి ఎలా చేరింది? ఎవరికి ఏ అనుమతి ఉందో చూసి, లేనివారిని ఆపవలసింది ఆపరేటింగ్ సిస్టంలోని కెర్నెల్. ఆ ప్రోగ్రామును ఎన్నిసార్లు వెతికినా తప్పు దొరకని కెల్లర్‌మన్ చివరికి కెర్నెల్‌నే అనుమానించారు. ఆ అనుమానం నిజమైంది. డర్టీ పైప్ పేరుతో 2022 మార్చిలో ప్రపంచానికి తెలిసిన లొసుగు అదే.

కంప్యూటర్ భద్రత గురించి మనకు ఎక్కువగా చెప్పేది పాస్‌వర్డ్‌లూ ఓటీపీలూ అపరిచిత లింకుల గురించే. అవన్నీ అవసరమే. కానీ వాటన్నిటికీ అడుగున ఉన్న కెర్నెల్‌లో తప్పు దొర్లితే ఏమవుతుంది, దాన్ని ఎవరు దిద్దుతారు, ఆ దిద్దుబాటు మన చేతిలోని ఫోన్ దాకా ఎలా వస్తుంది అన్నది కూడా సామాన్య పాఠకులు తెలుసుకోదగ్గ విషయమే. ఎందుకంటే ఆ దారిలో చివరి అడుగు వేయాల్సింది మనమే.

కెర్నెల్ చేతిలో ఏముంది

ఫోన్‌లోని ఏ యాప్ కూడా ఇతర యాప్‌ల మెమరీని, కెమెరాను, నెట్‌వర్క్‌ను నేరుగా ముట్టుకోలేదు. ఫొటో తీయాలన్నా, ఫైల్ తెరవాలన్నా, బ్యాంకు సర్వర్‌తో మాట్లాడాలన్నా కెర్నెల్‌ను అడగాలి. ఆ అడగడాన్ని సిస్టం కాల్ అంటారు. కెర్నెల్ ఆ యాప్‌కు అనుమతి ఉందో లేదో చూసి, ఉంటే పని చేసిపెడుతుంది. ఈ ఏర్పాటును ప్రాసెసరే కాపాడుతుంది. మామూలు ప్రోగ్రాములు నడిచేటప్పుడు ప్రాసెసర్ కొన్ని ఆదేశాలను అసలు అంగీకరించదు. కెర్నెల్ నడిచేటప్పుడు మాత్రం ఆ కట్టుబాటు ఉండదు.

ఒక యాప్‌లో లొసుగు ఉంటే సాధారణంగా నష్టం ఆ యాప్ సమాచారం వరకే. ఫొటోల యాప్‌ను లొంగదీసినవాడికి బ్యాంకు యాప్ లోపలిది కనిపించదు. మధ్యలో కెర్నెల్ అడ్డుంటుంది. ఆ కెర్నెల్‌లోనే లొసుగు దొరికితే అడ్డు చెప్పేవారు ఉండరు. ఏ ఫైలైనా చదవొచ్చు, ఏ ప్రోగ్రామునైనా మార్చొచ్చు, చేసిన పని ఆనవాళ్లను కూడా చెరిపేయొచ్చు. అందుకే దాడి చేసేవారికి కెర్నెల్ లొసుగు అంత విలువైనది.

విండోస్‌కు తన కెర్నెల్ ఉంది, యాపిల్ పరికరాలకు తమది ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో, ప్రపంచంలోని వెబ్ సర్వర్లలో ఎక్కువ భాగంలో నడిచేది లినక్స్ కెర్నెల్. లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఫిన్లాండ్‌లో విద్యార్థిగా మొదలుపెట్టిన ఈ కోడ్ ఇప్పుడు 3 కోట్ల పంక్తులు దాటింది. వేల మంది ప్రోగ్రామర్లు రాస్తున్నారు. కోడ్ ఎవరైనా చదవొచ్చు.

ఇంతమంది చూస్తున్నా తప్పులు ఎందుకు మిగులుతున్నాయి? ఒక కారణం భాష. కెర్నెల్‌లో ఎక్కువ భాగం సీ భాషలో ఉంది. మెమరీలో ఎంత చోటు తీసుకున్నాం, దాన్ని ఎప్పుడు వదిలేశాం, వదిలేసిన చోటును మళ్లీ ముట్టుకుంటున్నామా అన్నది సీలో ప్రోగ్రామరే చూసుకోవాలి. తమ ఉత్పత్తుల్లో ఏటా దిద్దుతున్న భద్రతా లోపాల్లో 70 శాతం దాకా మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. ఇలాంటి తప్పులను మొదట్లోనే పట్టుకునే రస్ట్ అనే భాషకు 2022 చివర్లో వచ్చిన 6.1 వెర్షన్‌తో లినక్స్ చోటిచ్చింది. కానీ పాత కోట్ల పంక్తులు అలాగే ఉన్నాయి.

రెండో కారణం సమయం. కెర్నెల్ ఒకేసారి వందల పనులు చేస్తుంది. రెండు పనులు ఒకే చోటును ఒకే క్షణంలో అందుకుంటే ఏమవుతుందో ముందే ఊహించి రాయడం చాలా కష్టం. 2016లో బయటపడిన డర్టీ కౌ అలాంటిదే. అది 2007 నుంచీ లినక్స్‌లో ఉంది. అంతకుముందే టోర్వాల్డ్స్ ఆ తప్పును ఒకసారి దిద్దారు. ఆ దిద్దుబాటు మరో రకం కంప్యూటర్లలో ఇబ్బంది పెట్టడంతో తీసేయాల్సి వచ్చింది. దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చిన ఫిల్ ఓస్టర్‌కు అది దొరికింది కోడ్ చదువుతుంటే కాదు. దాడికి గురైన ఒక సర్వర్‌కు వచ్చిన ట్రాఫిక్‌ను భద్రపరిచి వెతికితే అందులో కనిపించింది. అంటే దిద్దేవారికంటే ముందే దాడి చేసేవారు దాన్ని వాడుతున్నారు. 2016లో చేసిన దిద్దుబాటులో కూడా ఒక మూల మిగిలిపోయిందని 2017లో తేలి, మళ్లీ దిద్దారు.

రెండు పంక్తుల తప్పు

డర్టీ పైప్ కథ మరింత దగ్గరగా చూడదగ్గది. ఏదైనా ఫైల్‌ను చదివినప్పుడు కెర్నెల్ దాని నకలును మెమరీలో ఉంచుకుంటుంది. ఆ చోటును పేజ్ క్యాష్ అంటారు. అదే ఫైల్‌ను ఇంకో ప్రోగ్రాము అడిగితే డిస్క్ దాకా పోకుండా ఆ నకలునే చూపిస్తుంది. కాబట్టి ఆ నకలును ఎవరైనా మార్చగలిగితే, డిస్క్ మీద ఏమున్నా సరే, ప్రోగ్రాములన్నీ మారినదాన్నే అసలు ఫైల్ అనుకుంటాయి.

ఇక పైప్ అన్నది ఒక ప్రోగ్రాము పంపిన సమాచారం ఇంకో ప్రోగ్రాముకు అందే దారి. లోపల చిన్న చిన్న గదుల వరుస ఉంటుంది. ఒక్కో గదికి కొన్ని గుర్తులు పెట్టుకునే చోటు ఉంటుంది. 'ఇక్కడ ఇంకా ఖాళీ ఉంది, తర్వాత వచ్చేదాన్ని దీని వెనకే కలిపి రాయొచ్చు' అని చెప్పేది వాటిలో ఒక గుర్తు. సమాచారాన్ని మామూలుగా పైప్‌లో వేస్తే ఆ గుర్తు ఉండటం సబబే.

అయితే ఫైల్‌ను పైప్‌లోకి పంపడానికి ఇంకో పద్ధతి ఉంది. వేగం కోసం నకలు చేయకుండా పేజ్ క్యాష్‌లోని ఆ పేజీనే నేరుగా గదికి తగిలిస్తారు. ఆ పేజీ ఫైల్‌కు చెందినది కాబట్టి దాని వెనక ఎవరూ ఏమీ కలిపి రాయకూడదు. అంటే ఆ గుర్తు ఉండకూడదు. ఇక్కడే తప్పు జరిగింది. గదిని కొత్త పనికి వాడేటప్పుడు పాత గుర్తులను చెరపడం మరిచారు. ఒక పిల్లవాడు రాసిన పలకను తుడవకుండా ఇంకొకడికి ఇస్తే, పాత రాత కొత్తవాడి లెక్కలోకి వచ్చినట్టే, పాత గుర్తు ఫైల్ పేజీకి వర్తించింది. తర్వాత పైప్‌లో ఏది రాసినా అది ఫైల్ నకలు మీద పడింది. లాగ్ ఫైళ్ల చివర పడ్డ ఆ 8 బైట్లు ఇలా వచ్చినవే.

చెరపడం మరిచిన కోడ్ 2016లో చేరింది. అప్పటికి అది ఎవరికీ హాని చేయలేదు. ఆ చోట ప్రమాదకరమైన గుర్తేదీ ఇంకా లేదు. 'కలిపి రాయొచ్చు' అన్న గుర్తు 2020లో 5.8 వెర్షన్‌తో వచ్చింది. దాన్ని రాసినవారి పని కూడా విడిగా చూస్తే సరైనదే. నాలుగేళ్ల తేడాతో వచ్చిన ఈ రెండూ కలిసినప్పుడు, చదివే అనుమతి మాత్రమే ఉన్న ఎవరైనా ఫైల్‌ను మార్చగలిగే దారి తెరుచుకుంది. వినియోగదారుల ఖాతాల వివరాలుండే ఫైల్‌ను లినక్స్‌లో అందరూ చదవొచ్చు. అందులో ఒక్క చోట మారిస్తే చాలు, మామూలు ఖాతా ఉన్న మనిషి ఆ కంప్యూటర్‌కు సర్వాధికారి అయిపోతాడు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ లొసుగుతో ఎక్కడో కూర్చుని మీ ఫోన్‌లోకి నేరుగా దూరిపోవడం కుదరదు. ముందు ఏదో ఒక ప్రోగ్రామును ఆ పరికరంలో నడపగలగాలి. మోసపు యాప్ చేసేది ఆ పనే. చిన్న అనుమతితో లోపలికి వచ్చి, కెర్నెల్ లొసుగును పట్టుకుని పెద్ద అధికారం తెచ్చుకుంటుంది.

దిద్దుబాటు ఎంతో తెలుసా? రెండు పంక్తులు. గదిని కొత్తగా వాడే రెండు చోట్ల, గుర్తులను సున్నా చేయమని చెప్పే ఒక్కో పంక్తి.

లొసుగు తెలిశాక మొదలయ్యే పరుగు

కెల్లర్‌మన్ తాను కనిపెట్టినదాన్ని వెంటనే ఊరంతా చాటలేదు. 2022 ఫిబ్రవరి 20న లినక్స్ కెర్నెల్ భద్రతా బృందానికి నివేదిక పంపారు. లొసుగును నిరూపించే ప్రోగ్రామును, దిద్దుబాటును కూడా జతచేశారు. మర్నాడు గూగుల్ పిక్సెల్ 6 ఫోన్‌లోనూ అదే తప్పు ఉందని చూసి ఆండ్రాయిడ్ బృందానికి తెలిపారు. ఫిబ్రవరి 23న దిద్దిన కెర్నెల్‌లు 5.16.11, 5.15.25, 5.10.102 విడుదలయ్యాయి. 24న గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్ కెర్నెల్‌లో కలిపింది. మార్చి 7న కెల్లర్‌మన్ పూర్తి వివరాలు బయటపెట్టారు. నివేదిక అందిన 3 రోజుల్లో దిద్దిన కెర్నెల్‌లు విడుదల కావడం మెచ్చుకోదగ్గ వేగం.

మరి అంతటితో ప్రమాదం తీరిందా? లేదు. ఒక రకంగా అప్పుడే పెరిగింది. లినక్స్ కోడ్ అందరికీ కనబడుతుంది కాబట్టి దిద్దుబాటు కూడా కనబడుతుంది. ఏ పంక్తి మారిందో చూసి, పాత కోడ్‌లో తప్పు ఎక్కడుందో నేర్పున్న దాడిదారు ఊహించగలడు. కోడ్ బయటపెట్టని విండోస్‌లో కూడా పాత ఫైల్‌నూ కొత్త ఫైల్‌నూ పోల్చి ఇదే పని చేస్తారు. ఇలాంటి దిద్దుబాటును ప్యాచ్ అంటారు. అది విడుదలైన రోజు నుంచి ప్యాచ్ వేసుకోని ప్రతి పరికరం తెలిసిన లొసుగుతో బతుకుతున్నట్టే. డర్టీ పైప్‌ను దాడుల్లో వాడుతున్నారని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2022 ఏప్రిల్‌లో తన జాబితాకెక్కించింది. అంటే దిద్దుబాటు వచ్చి రెండు నెలలైనా దాడికి చిక్కే యంత్రాలు మిగిలే ఉన్నాయి.

దిద్దుబాటు కెర్నెల్ కోడ్‌లో కలిసిన రోజే మన ఫోన్‌కు రాదు. ముందు స్టేబుల్ అనే, వాడకానికి సిద్ధమైన వెర్షన్‌లలోకి వెళ్లాలి. సర్వర్లయితే ఉబుంటు, రెడ్ హ్యాట్ లాంటి లినక్స్ పంపిణీదారులు తమ కెర్నెల్‌లో కలిపి, పరీక్షించి, ప్యాకేజీగా ఇవ్వాలి. ఫోన్లయితే చిప్ తయారీదారు, ఆ తర్వాత ఫోన్ కంపెనీ తమ సొంత మార్పులతో దాన్ని కుదుర్చుకోవాలి, ఒక్కో మోడల్ మీద పరీక్షించాలి. డర్టీ పైప్ విషయంలో గూగుల్ కోడ్‌లో కలిపిన రోజుకూ ఫోన్లకు అప్‌డేట్ అందిన రోజుకూ మధ్య వారాలు గడిచాయి. కొత్త మోడళ్లకే ఇంత సమయం పడితే, కంపెనీ పట్టించుకోవడం మానేసిన పాత మోడళ్లకు దిద్దుబాటు ఎప్పటికీ రాకపోవచ్చు. ఈ లొసుగు 5.8కి ముందున్న కెర్నెల్‌లలో లేదు కాబట్టి చాలా పాత ఫోన్లు ఈసారి తప్పించుకున్నాయి. అది అదృష్టమే. పాత కెర్నెల్‌లకు డర్టీ కౌ లాంటివి ఉండనే ఉన్నాయి.

ప్యాచ్ వచ్చాక కూడా ఇంకో మెట్టు ఉంది. కెర్నెల్ మెమరీలో నడుస్తూ ఉంటుంది. కొత్త కెర్నెల్ డిస్క్ మీదకు చేరినా, రీస్టార్ట్ చేసేదాకా పనిచేసేది పాతదే. 'అప్‌డేట్ చేశాం' అని నిశ్చింతగా ఉన్న సర్వర్ నెలల తరబడి పాత కెర్నెల్‌తోనే నడుస్తుండటం మామూలే. ఆపకూడని సర్వర్ల కోసం, నడుస్తున్న కెర్నెల్‌నే దిద్దే లైవ్ ప్యాచింగ్ 2015లో లినక్స్ 4.0తో కెర్నెల్‌లోనే భాగమైంది. అది చిన్న దిద్దుబాట్లకు పనికొస్తుంది, రీస్టార్ట్ అవసరాన్ని పూర్తిగా తీర్చదు.

వేసుకోకపోతే ఒక కష్టం, తొందరపడితే ఇంకో కష్టం

ప్యాచ్ ఉండి కూడా వేసుకోకపోతే ఏమవుతుందో 2017లో ప్రపంచం చూసింది. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే సేవను నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రాము కెర్నెల్‌లో భాగంగా నడుస్తుంది. అందులోని లొసుగుకు మైక్రోసాఫ్ట్ మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. ఏప్రిల్‌లో ఆ లొసుగును వాడుకునే ఎటర్నల్‌బ్లూ అనే సాధనం ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. మే 12న వాన్నాక్రై దాడి మొదలైంది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేకుండా ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆస్పత్రులు రోగుల అపాయింట్‌మెంట్లను వేల సంఖ్యలో రద్దు చేశాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ప్యాచ్ అప్పటికి దాదాపు రెండు నెలలుగా అందుబాటులో ఉంది.

అప్‌డేట్ అంటే భయపడేవారి భయం కూడా ఉత్తది కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైల్‌ను, విండోస్ కెర్నెల్‌లో నడిచే దాని డ్రైవర్ చదవబోయి కూలిపోయింది. దాంతో దాదాపు 85 లక్షల కంప్యూటర్లు నిలిచిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. అది దాడి కాదు, కెర్నెల్ ప్యాచ్ కూడా కాదు. అయినా కెర్నెల్ స్థాయిలో చిన్న పొరపాటు జరిగినా యంత్రం మొత్తం ఆగిపోతుందని అది గట్టిగా చూపించింది.

దీన్ని చూసి అప్‌డేట్లు ఆపేయడం తప్పుడు పాఠం. సరైన పాఠం, మార్పులను విడతలవారీగా పంపడం. ముందు కొన్ని యంత్రాలకు ఇచ్చి, ఒకటి రెండు రోజులు గమనించి, తర్వాత మిగతావాటికి ఇవ్వాలి. చెడితే వెనక్కి వెళ్లే దారి ఉంచుకోవాలి. కాలేజీ ల్యాబ్ అయినా, సహకార బ్యాంకు అయినా, మండల కార్యాలయమైనా పాటించగల పద్ధతి ఇది. ప్యాచ్ వేయడం తీరిక ఉన్నప్పుడు చేసే పని అన్న భావన పోవాలి. అది ఒకరి పేరు మీద, ఒక తేదీతో ఉండాల్సిన బాధ్యత.

మనం చేయగలిగింది

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫోన్ వివరాల్లో 'సెక్యూరిటీ అప్‌డేట్' తేదీ చూడండి. ఏడాది, నెల తర్వాత చివర 01 అని ఉంటే ఆండ్రాయిడ్ పైభాగపు దిద్దుబాట్లు చేరినట్టు. 05 అని ఉంటే కెర్నెల్‌వీ చిప్ తయారీదారులవీ కూడా చేరినట్టు. ఆ తేదీ కొన్ని నెలల వెనక ఉంటే అప్‌డేట్ కోసం వెతకండి. ఏడాది దాటిపోయి, కొత్తది ఏదీ రాకపోతే ఆ ఫోన్‌కు కంపెనీ మద్దతు ముగిసిందనుకోవచ్చు. అలాంటి ఫోన్ పాటలకూ వీడియోలకూ ఉంచుకోండి, యూపీఐ మాత్రం దానిలో వద్దు.

కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా, బ్యాటరీ గురించి అడిగినట్టే భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడగండి. పిక్సెల్ 8కు గూగుల్, గెలాక్సీ ఎస్24కు శామ్‌సంగ్ 7 ఏళ్ల మాట ఇచ్చాయి. తక్కువ ధర ఫోన్లకు ఆ హామీ తక్కువగా ఉంటుంది. కొనేవాళ్లు అడిగితేనే అది పెరుగుతుంది.

ఇంట్లోనో షాపులోనో విండోస్ 10 కంప్యూటర్ ఉంటే, దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని గుర్తుంచుకోండి. అదనపు భద్రతా అప్‌డేట్ల కోసం విడిగా నమోదు చేసుకోవాలి, లేదంటే కొత్త ఆపరేటింగ్ సిస్టంకు మారాలి.

అప్‌డేట్ పేరుతో వాట్సాప్‌లోనో ఎస్ఎంఎస్‌లోనో వచ్చే ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్) ఫైల్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ ఇన్‌స్టాల్ చేయొద్దు. ఫోన్‌కు అసలైన సిస్టం అప్‌డేట్ సెట్టింగ్స్ ద్వారానే వస్తుంది.

లొసుగులు లేని కెర్నెల్ మన కాలంలో రాదు. తప్పు దొరికినప్పుడు రోజుల్లో దిద్దే మనుషులు మాత్రం ఉన్నారు, వారిలో చాలామంది పేర్లు మనకు తెలియవు. వాళ్ల శ్రమ ఫలించేది మన పరికరం దాకా వచ్చినప్పుడే. ఈ రోజే మీ ఫోన్‌లో ఆ తేదీ చూసుకోండి. అప్‌డేట్ ఉంటే వేసుకుని ఫోన్‌ను రీస్టార్ట్ చేయండి. మీ అమ్మానాన్నల ఫోన్లు కూడా ఒకసారి తీసి చూడండి.